అక్క చేతి మీద రేగుపండు

పొద్దున అక్క వాళ్ళింట్లో. చపాతీ పిండి కలుపుతూ టక్కున ఆగిపోయింది.
"నొక్కలేకపోతున్నానురా" అంది.

చేయి కిందికి వంచి చూపించింది. మణికట్టు మీద రేగుపండంత బుడిపె. చేయి చాపితే దాక్కుంటుంది, వంచితే పైకి తేలుతుంది.

గ్యాంగ్లియన్ అంటారు, కీలు దగ్గర జిగురు నిండిన సంచి. క్యాన్సర్ కాదు. నొప్పి లేకపోతే వదిలేయొచ్చు, చాలామందికి దానంతటదే పోతుంది కూడా.

అక్కకి పోలేదు. రెండేళ్ళ కిందట సూదితో తీయించుకుంది. జిగురులా, తేటగా వచ్చింది. ఆర్నెల్లకే మళ్ళీ నిండింది. సూది సంచిని ఖాళీ చేస్తుందిగానీ, దాన్ని కీలుకి కలిపే కాడ అలాగే ఉంటుంది కదా.

ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు. కోసి కాడతో సహా తీసేయడం ఒకటి. చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే ఆర్థ్రోస్కోపీ ఇంకోటి.

"కెమెరాదే చేయించుకో" అనేశాను, మచ్చ చిన్నదని. తర్వాత కూర్చుని చదివితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పరిశోధనలో ఏడాది తర్వాత మళ్ళీ రావడంలో పెద్ద తేడా లేదు. ఏది చేసినా కొందరికి తిరిగొస్తుంది. కొన్నాళ్ళు చేయి బిగుసుకుపోవచ్చు కూడా.

అక్క మచ్చ గురించి అడగనే లేదు.
"పిండి ఎప్పటికి కలుపుకోగలను?" అంది.

గుండె చివుక్కుమంది. ఈ నొప్పితోనే ఇన్నాళ్ళూ వండిపెట్టింది. వెళ్ళిన ప్రతిసారీ ఇంకో చపాతీ వెయ్యమని అడిగి మరీ తిన్నాను.
ఈ పూట పిండి నేనే కలిపాను.

మీలో ఎవరైనా చేయించుకున్నారా? ఏ పద్ధతి? అరచేయి ఆనించి బరువు మోపడానికి ఎన్ని వారాలు పట్టింది?
రాయండి, అక్కకి చదివి వినిపిస్తాను.