ముఫ్త్ కాదు, ఆజాద్

పోయిన అక్టోబర్‌లో ఓ జుమ్మా రోజు నమాజు చదివి ఇంటికొచ్చేసరికి అబ్బాజాన్ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తెరమీద నోటీసు. 2025 అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10కి మరమ్మతులు రావని దాని సారాంశం. మా పాత డబ్బాకు 11 ఎక్కదు.

"మేరీ భీ ఉమ్ర్ హో గయీ బోల్కే లిఖా క్యా బేటా అందులో?" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ విండోస్ మేం కొన్నది కాదు. డబ్బా కొన్నప్పుడు మెకానిక్ ఎక్కించి ఇచ్చిన చోరీ కాపీ. అదొక్కటే కూడా కాదు.

అబ్బాజాన్ కాతిబ్. ఛత్తా బజార్‌లో వెదురు ఖలంతో షాదీ రుఖాలు రాసేవారు. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. మీర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేల అక్షర జోడింపుల నుంచి పుట్టిన నూరీ నస్తలీఖ్ ఖత్, ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు ప్రెస్సుల్లోకి దిగింది. ఖలాలు మూలన పడ్డాయి. నలభై దాటిన వయసులో అబ్బాజాన్ కీబోర్డు నేర్చుకున్నారు. ఎవరో దోస్తు ఒక సీడీ ఇచ్చాడు. ఆ సీడీతోనే మా చదువులు, బాజీ నిఖా, దూలపల్లిలో ఈ రెండు గదులు అన్నీ అయ్యాయి. అది క్రాక్ చేసిన కాపీ అని నాకు ఇంజనీరింగ్‌లో తెలిసింది. ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రోజు చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదాయన. చివరికి ఒక్క మాట అడిగారు: "ఫిర్ వో రోటీ?"

అసర్ తర్వాత మౌలానా సాబ్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఇలాంటి హక్కుల గురించి ఉలమాల్లో వేర్వేరు రాయ్‌లున్నాయని ఆయన దాచలేదు. అయితే 1988 డిసెంబర్‌లో కువైట్‌లో కూర్చున్న అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, రచనలపై, ఆవిష్కరణలపై వాటిని చేసినవాళ్లకు షరియత్ పరంగా హక్కుందని, దాన్ని ఉల్లంఘించడం జాయిజ్ కాదని తీర్మానించిందని చెప్పారు. "తెలియక చేసినదానికి ఇస్తిగ్‌ఫార్ ఉంది. తెలిశాక చేసేదానికి జవాబు ఇవ్వాలి" అన్నారు. దారి పొడుగునా అబ్బాజాన్ తస్బీహ్ తిప్పుతూనే ఉన్నారు.

ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ వేసుకున్నాను. అందరూ దీన్ని ముఫ్త్ అంటారు. ఇంగ్లిష్‌లో ఫ్రీ అనే ఒక్క మాటతో రెండర్థాలు కలిసిపోయాయి. మనకా గొడవ లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన హైదరాబాద్‌లో తెలుగు కంప్యూటర్ కోసం పనిచేసిన సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుంది.

అబ్బాజాన్‌కు వక్ఫ్ లెక్కన చెబితే అర్థమైంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ గ్నూ పని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ రాశాడు. మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ లైసెన్సు షర్తు ఇదీ: వాడుకో, విప్పి చూడు, మార్చుకో, పంచు, కావాలంటే అమ్ముకో. కానీ నువ్వు ఎవరికిస్తే వాళ్లకు కూడా ఇవే హక్కులు, అసలు కోడ్‌తో సహా ఇవ్వాలి. వాకిఫ్ పెట్టిన షర్తును ముతవల్లీ మార్చలేనట్టే, తర్వాత వచ్చినవాడు దీనికి తాళం వేసుకోలేడు. పూర్తిగా వక్ఫ్ కాదనుకోండి, రాసినవాళ్ల హక్కు రాసినవాళ్లకే ఉంటుంది. కానీ నీయత్ దగ్గరిది. "బావి తవ్వి వదిలేసినట్టు" అన్నారు అబ్బాజాన్.

డెస్క్‌టాప్ అలవాటుకు పెద్దగా కష్టం లేదు. ప్రింటర్ మాత్రం మూడు రోజులు ఏడిపించింది. బావగారి దుకాణం లెక్కలు విండోస్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో ఉన్నాయి కాబట్టి ఆయన్ని మారమని అనలేదు. మీరూ అంతే, ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, మీ పని జరుగుతుందంటేనే ఎక్కించండి.

అసలు ముష్కిల్ అబ్బాజాన్ పాత ఫైళ్లతో వచ్చింది. అవి యూనికోడ్‌లో లేవు. లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. కన్వర్టర్ కొన్నింటిని దారికి తెచ్చింది, కొన్నింటిని తేలేదు. మిగిలినవి ఆయనే పాత ప్రింట్లు ముందు పెట్టుకుని నోటో నస్తలీఖ్ ఫాంట్‌లో మళ్లీ టైపు చేస్తున్నారు. వరుసల మధ్య ఖాళీ మరీ ఎక్కువ, కాగితం దండగ అని కాతిబ్ కళ్లతో రోజూ గొణుగుతారు. టైపు చేయడం మాత్రం ఆపరు.

ఇక సర్వర్. అంటే ఏసీ గది ఏం కాదు. స్క్రీన్ పగిలిన పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఎక్కించి అల్మారా మీద పెట్టాను. దాని బ్యాటరీయే యూపీఎస్. గాలివానకు కరెంటు పోయినా నడుస్తుంది. ఇంట్లో ఫోన్ల ఫోటోలన్నీ వైఫై మీద అందులోకి చేరతాయి. ఆడవాళ్ల నిఖా ఫోటోలు పరాయి కంపెనీ స్టోరేజీలో పెట్టడం అమ్మీకి ఎప్పుడూ నచ్చేది కాదు. నెలనెలా కిరాయి కూడా తప్పింది.

అక్కడే నాకు గురూర్ వచ్చింది.

అమ్మీ పోయి రెండేళ్లు. ఆమె ఫోన్ అలాగే ఉంచాం. అందులో ఆమె వాయిస్ మెసేజ్‌లు. "బేటా, ఖానా ఖాయా?" లాంటివే, ఇంకేం లేవు. అవీ సర్వర్‌లో ఉన్నాయని నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు మా చిన్నోడు గేమ్ కోసం జాగా చాలక ఆ ఫోన్‌లో ఉన్నవి తుడిచేశాడు. రెండుచోట్లా ఒకేలా ఉంచమని నేనే ప్రోగ్రామ్‌కు చెప్పి పెట్టాను కదా, అది నమ్మకంగా సర్వర్‌లో కూడా తుడిచేసింది. పాత కాపీలు దాచమని నేను చెప్పనే లేదు. జత చేయడం వేరు, దాచడం వేరు. ఈ ఫరక్ నేను ఇలా నేర్చుకున్నాను.

పిల్లాణ్ని కొట్టబోతే అబ్బాజాన్ చెయ్యి పట్టుకున్నారు. "ముతవల్లీ నువ్వు. వాణ్నెందుకు కొడతావ్?"

బాజీకి ఫోన్ చేశాను. అమ్మీ తనకు పంపినవి పదకొండు తన ఫోన్‌లో ఉన్నాయి. మిగిలినవి లేవు.

ఇప్పుడు మా ఇంట్లో మూడు కాపీలు. ఒకటి సర్వర్‌లో. ఒకటి విడి డిస్కులో, రోజూ రాత్రి కాపీ అవుతుంది, పాతవి తుడవదు. మూడోది శామీర్‌పేటలో బాజీ ఇంట్లో ఇనప్పెట్టెలో, ప్రతి నెలా మొదటి ఇత్‌వార్ మార్చుకొస్తాను. నెలకోసారి ఏదో ఒక ఫైలు వెనక్కి తీసి తెరిచి చూస్తాను. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఆజాదీ అంటే ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఉండదు. అమానత్ మన చేతుల్లో ఉంటుంది, జవాబూ మనమే ఇవ్వాలి.

మొన్న అబ్బాజాన్ అడిగారు, "ఇంత పని చేసినోళ్లకు హదియా ఎట్లా ఇచ్చేది?" చందా పంపొచ్చు, లేదా పని పంచుకోవచ్చు అన్నాను. ఆలోచించి, మా మస్జిద్ మక్తబ్‌లో మూలన పడ్డ రెండు కంప్యూటర్లకు మింట్ ఎక్కించమన్నారు. ఇప్పుడు అసర్ తర్వాత పిల్లలకు ఉర్దూ టైపింగ్ నేర్పుతున్నారు. ఫీజు తీసుకోరు.

"వో రోటీ" గురించి మళ్లీ అడగలేదు. నేనూ ఎత్తలేదు.