ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం!

క్వీన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు వాళ్ల ‘గ్రేటెస్ట్ హిట్స్’ విన్నారా మీరు? వినకపోతే ఈ పేజీ ఇక్కడే మడిచి పెట్టి ముందు అది వినండి. తర్వాత మాట్లాడుకుందాం. 1981 అక్టోబర్ 26న వచ్చిన సంకలనం అది. 17 పాటలు. బ్రిటన్‌లో ఇంతవరకూ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్. 2022లో 70 లక్షలు దాటింది, ఆ దేశంలో ఆ అంకె అందుకున్న మొదటి ఆల్బమ్ ఇదే. ఇంతటి పాటలు నా చెవిన పడింది మాత్రం మొన్న మొన్ననే. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న మా మేనల్లుడు ఏలూరు నుంచి కైకలూరు వెళ్తుంటే కారులో పెట్టాడు. ఘంటసాల, బాలు, ఇళయరాజా, పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని, వీటితో పెరిగిన చెవి నాది. ఆ చెవికి ఒక్కసారిగా కొత్త కిటికీ తెరిచినట్టయింది. అప్పట్నుంచీ ఫోను, చిన్న స్పీకరు పట్టుకుని కనిపించినవాళ్లందరికీ వినిపిస్తున్నాను. మొహమాటం లేదు, వేళాపాళా లేదు.

మొదటి పాటే ‘బొహీమియన్ రాప్సడీ’. 1975 నాటిది. 5 నిమిషాల 55 సెకన్లు. అప్పట్లో రేడియోలో 3 నిమిషాలు దాటితే ఎక్కువనేవారు, ఇంత పొడుగు పాట ఎవరేస్తారని కంపెనీవాళ్లు గొణిగారు. బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఇందులో పల్లవి లేదు. వాయిద్యం లేకుండా గొంతులతో మొదలవుతుంది, పియానో వస్తుంది, గిటారు వస్తుంది. ఉన్నట్టుండి ఎక్కణ్నుంచో ఒక గుంపు వచ్చిపడి ఒకళ్లమీద ఒకళ్లు అరుచుకుంటారు. ఆ వెంటనే అసలైన రాక్ విరుచుకుపడుతుంది. చివరికి అంతా సద్దుమణిగి, ఒక గంట మోగి ఆగిపోతుంది.

దీన్ని ఏలూరులో ఒక పెద్దాయనకి వినిపించాను. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడిన మనిషి, ఎనభై దగ్గర పడుతున్నారు. ఇంగ్లిష్ రాదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని విన్నారు. పాట తీరు మారినప్పుడల్లా చూపుడువేలు ఎత్తి, “తెర మారింది” అనేవారు. మళ్లీ ఇంకోచోట, “ఇక్కడా మారింది.” అయిపోయాక నన్నేం అడగలేదు, తానే చెప్పారు: “వీడెవడో చెయ్యకూడని పని చేసొచ్చాడండి. తల్లి దగ్గర చెప్పుకుని ఏడుస్తున్నాడు. తర్వాత వాళ్లంతా చేరి వాణ్ణి నిలదీశారు, కొందరు వదిలెయ్యమంటారు, కొందరు కుదరదంటారు. వాడికి ఒళ్లు మండి తిరగబడ్డాడు. ఆఖర్న అలిసిపోయాడు. ఇది పాటేంటండి బాబూ, నాటకం ఇది!” పాట అర్థం రాసిన పుస్తకాలు తిరగేసినా ఇంతకంటే సూటిగా ఎక్కడా దొరకదు. తల్లిని పిలిచే ఆ ఒక్క పిలుపు పట్టుకుని కథంతా లాగేశారు. ఆ తర్వాత అరచెయ్యి చాచి గట్టిగా “వన్స్‌మోర్!” అన్నారు. మళ్లీ పెట్టాను.

ఆ గుంపులో నిజానికి ఉన్నది ముగ్గురే అని చెబితే ఆయన నమ్మలేదు. గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ, గిటారు వాయించే బ్రయాన్ మే, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్. ఈ ముగ్గురూ పాడిందాని మీదే మళ్లీ మళ్లీ పాడి టేపు మీదకి ఎక్కించారు. తిప్పి తిప్పి ఆ టేపు అరిగిపోయి, వెలుగులో పెడితే అవతల ఏముందో కనబడే స్థితికి వచ్చిందట. అందులో చెవులు గింగుర్లెత్తించే ఆ పైస్థాయి గొంతు గాయకుడిది కాదు, డ్రమ్మరుది! పద్యానికి శ్రుతి ఎక్కడ అందుకోవాలో తెలిసిన ఆ పెద్దాయన ఈ మాటకి రెండు చేతులూ జోడించారు.

ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫారూఖ్ బల్సారా. పార్సీ కుర్రాడు. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తండ్రిది గుజరాత్‌లోని బల్సార్, ఆ ఊరే ఇంటిపేరు. చదువుకున్నది మన దేశంలోనే, మహారాష్ట్రలో, పంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ స్కూల్ హాస్టల్లో. అక్కడే స్నేహితులతో ‘హెక్టిక్స్’ అని మొదటి బ్యాండు కట్టి పియానో వాయించాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం వస్తే కుటుంబం ఇంగ్లండు పారిపోయింది. పంచ్‌గని కొండ మీద పియానో నేర్చుకున్న పిల్లాడు లండన్ వెంబ్లీ స్టేడియంలో డెబ్బై వేలమందిని చేతులెత్తించాడంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది, ఇది రాస్తున్నప్పుడు కూడా.

రెండో పాట ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’. ఇది వినాల్సింది తాళం తెలిసినవాడి పక్కన కూర్చుని. తాడేపల్లిగూడెంలో పెళ్లిళ్లకి బ్యాండ్ మేళంలో డ్రమ్స్ వాయించే ఒకతను నాకు తెలుసు. నిలబడే విన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. బేస్ గిటారు ఒకే స్వరం మీద మూడు దెబ్బలు కొట్టి ఆగుతుంది. ఆ ఆగినచోట అతని తల ఒక్కసారి ఊగింది. “ఖాళీ వదిలేశాడండి, భయం లేదు ఈడికి” అన్నాడు. ఇంకాసేపు విని, “ఆ డ్రమ్ములో ఏదో కుక్కారండి. గుడ్డలో, దుప్పట్లో. లేకపోతే మోత అంత పొడిగా రాదు” అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే టేలర్ డ్రమ్ములో దుప్పట్లు కుక్కాడు! 1980లో జర్మనీలో చేసిన పనిని, గూడెం బస్టాండు దగ్గర నిలబడి, చేతి వేళ్లతో పుట్టిన జ్ఞానంతో పట్టేశాడతను. ఈ పాట రాసింది బేస్ వాయించే జాన్ డీకన్. మైకేల్ జాక్సన్ విని, దీన్ని విడిగా సింగిల్‌గా విడుదల చెయ్యండని పట్టుబట్టాడు. అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది.

డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. ఇతని సంగతి చెబితే ఏలూరు పవర్‌పేటలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ చేతిలో సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టేశాడు. చెత్తలో ఎవరో పారేసిన సర్క్యూట్ బోర్డు ఒకటి ఇంటికి తెచ్చుకుని, పాత స్పీకర్ పెట్టెలో బిగించి చిన్న ఆంప్లిఫయర్ చేశాడు డీకన్. బ్రయాన్ మే గిటారు అందులోంచి పలికితే ఒక్కోసారి వయొలిన్ల గుంపులా, ఒక్కోసారి బాకాల్లా వినబడేది. ఆ గిటారు మాత్రం కొన్నదా? 1963లో, పదహారేళ్ల వయసులో, మే తన తండ్రితో కలిసి ఇంట్లోనే చెయ్యడం మొదలుపెట్టాడు. మెడకి పాత నిప్పుగూటి పైనుండే చెక్క. స్ప్రింగులు పాత మోటార్ సైకిల్ ఇంజిన్ వాల్వులవి. ఊపే కడ్డీకి చివర తొడుగు వాళ్లమ్మ స్వెటర్లు అల్లే సూది మొన. ప్లాస్టిక్ ముక్కతో కాక ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. ఈయనే తర్వాత, 2007లో, ఖగోళ భౌతికంలో డాక్టరేట్ తీసుకున్నాడు. మెకానిక్ ఇదంతా విని, ‘కిల్లర్ క్వీన్’ పెట్టించుకుని, గిటారు వచ్చినచోట చెవి స్పీకర్‌కి ఆనించాడు. “మాస్టారూ, దీనికి ఎన్ని లక్షల సామాను పెట్టారో అనుకున్నా. మన పనే కదండీ ఇది!” ఆ “మన పనే” అనడంలో ఉన్న గర్వం చూడాలి.

క్వయర్‌లో పాడే ఒక అమ్మాయి ఓటు ‘సమ్‌బడీ టు లవ్’కి పడింది. డిగ్రీ చదువుతోంది, చర్చిలో ఆల్టో పాడుతుంది. ఎందుకు నచ్చిందమ్మా అంటే, “ఇది ప్రార్థనండి. కోపంగా చేసే ప్రార్థన” అంది. అవును, అరేతా ఫ్రాంక్లిన్ పాడే గాస్పెల్ మీద ఫ్రెడీకి ఉన్న ప్రేమే ఈ పాట. ఇక్కడా ముగ్గురే పాడి వందమంది క్వయర్‌ని పుట్టించారు. ఆ అమ్మాయి మూడోసారి వింటూ ఆల్టో వరుస పట్టుకుని సన్నగా కలిపి పాడింది. గొంతులన్నీ మధ్యలో ఒక్కచోట కిందికి దిగి, మెల్లగా మెట్టుమెట్టుగా మళ్లీ పైకెక్కే ఘట్టం ఉంది చూశారూ, అక్కడ తను పాడటం ఆపేసి వింది. నా లెక్కలో 17 పాటల్లోనూ గొప్ప క్షణం అదే. ‘బొహీమియన్’ కంటే కూడా. పెద్దాయన ఒప్పుకోరు, ఫరవాలేదు.

‘ఫ్లాష్’ గురించి ఒక ముక్క. చాలామంది దీన్ని దాటేసి పోతారని విన్నాను. 1980 నాటి ‘ఫ్లాష్ గోర్డన్’ సినిమా పాట, మధ్యలో సినిమా డైలాగులు వస్తాయి. ఇంగ్లిష్‌వాళ్లకి అది అడ్డమేమో! ‘దాన వీర శూర కర్ణ’ డైలాగుల క్యాసెట్లు పందిళ్లలో మైకుసెట్టు మీద విని పెరిగిన మనకి అడ్డమెందుకవుతుంది? పిడుగులాంటి గొంతుతో ఎవరో ఒక మాట అంటారు, వెనకాల డ్రమ్ములు కొడుతుంటాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’, ‘బైసికిల్ రేస్’ పక్కపక్కనే ఉన్నాయి, 1978లో రెండూ ఒకే సింగిల్ మీద వచ్చిన జంట. రెండోదానిలో బోలెడు సైకిల్ బెల్లులు ఒక్కసారిగా మోగుతాయి, పిల్లలకి ఇదొక్కటి చాలు. ‘ప్లే ద గేమ్’ మొదట్లో సింథసైజర్ వినగానే ఇది వేరే కాలంది అని తెలిసిపోతుంది. అంతకుముందు కొన్ని ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్లు వాడలేదని పనిగట్టుకుని అచ్చేసుకున్నవాళ్లు వీళ్లే. ‘నౌ ఐయామ్ హియర్’ నాకింకా పూర్తిగా అందలేదు, వింటున్నాను.

ఇక ‘వి విల్ రాక్ యూ’. ఇది కొల్లేటి గట్టు మీద వినిపించాను. కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లు నలుగురు. చెరువులో వరసగా పాతిన కర్రలకి తవుడు సంచులు వేలాడుతున్నాయి, శీలావతి, బొచ్చె వాటి చుట్టూ మూగి నీళ్లు కలబెడుతున్నాయి. పాట మొదలైంది. గిటారు లేదు, పియానో లేదు. కాళ్లతో రెండు దెబ్బలు, చేతులతో ఒక చప్పట. క్రికెట్ స్టేడియంలో ఆ వరస మనందరం విన్నదే, ఎవరిదో తెలియదంతే. ఒక కుర్రాడు తాటి దోనెలో కూర్చునే దాని అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లు గట్టు మీద కాళ్లు నేలకేసి కొట్టారు. పాట చివరిదాకా గిటారు రాదని, అది వచ్చేసరికి పాట అయిపోవస్తుందని వాళ్లకి తెలియదు కదా. గిటారు మోగగానే నలుగురూ ఒక్కసారి కేకేశారు. దోనె ఊగిపోయింది.

1977లో వెసెక్స్ స్టూడియోలో చెక్కల మీద కాళ్లు కొట్టి రికార్డు చేశారు ఆ చప్పుడు. భౌతికశాస్త్రం చదివిన బ్రయాన్ మే, ఒక్కో దెబ్బని కొద్ది కొద్ది తేడాలతో మళ్లీ మళ్లీ వినబడేలా పేర్చాడు, ఆ తేడాలకి ప్రధాన సంఖ్యలు వాడుకున్నాడు. అందుకే అది ప్రతిధ్వనిలా అనిపించదు, మన చుట్టూ వేలమంది నిలబడి కొడుతున్నట్టు ఉంటుంది. ఈ ఏర్పాటంతా ఎందుకంటే వినేవాడు కూడా అందులో కలవాలని. కొల్లేట్లో నలుగురు కలిశారు మరి!

దీని వెనకాలే ‘వి ఆర్ ద ఛాంపియన్స్’తో సంకలనం ముగుస్తుంది. ఈ రెండిట్లో ఏది గొప్పదని మా మేనల్లుడికీ, కాపలా కుర్రాళ్లకీ వాదన జరిగింది. విడదీయకూడదని నా మాట. ఒకటి అందరిచేతా కొట్టిస్తుంది, రెండోది అందరిచేతా పాడిస్తుంది.

హిట్ పాటల మూటలు విని బ్యాండుని తెలుసుకున్నాననకూడదు, ఆల్బమ్‌లు మొదట్నుంచీ వినాలి అని మా వాడి హాస్టల్ స్నేహితులు కొందరు అన్నారు. వింటాను, తప్పకుండా. కానీ ఈ 17 పాటలు ఒక మనిషివి కావు, అది మర్చిపోకూడదు. 10 ఫ్రెడీవి, 5 బ్రయాన్‌వి, 2 డీకన్‌వి. ఒకడు నాటకం రాస్తే ఒకడు స్టేడియం కోసం రాశాడు, ఒకడు పెళ్లాం కోసం ‘యూ ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ రాశాడు. ఫ్రెడీ మ్యూనిక్ హోటల్లో స్నానం చేస్తూ ‘క్రేజీ లిటిల్ థింగ్’ కట్టాడు. ఏ రెండు పాటలూ ఒక్కలా ఉండవు. విడివిడిగా ఉన్న ఆల్బమ్‌లలో ఈ తేడా ఇంత ఒత్తుగా తెలియదనుకుంటాను. కొత్తవాడికి ఇదే సరైన గుమ్మం.

రోజర్ టేలర్ రాసిన పాట ఇందులో ఒక్కటీ లేదు. ఆ పైస్థాయి గొంతు విన్నాక అది నాకు లోటుగానే ఉంది. రెండో సంకలనం 1991 అక్టోబర్ 28న వచ్చింది, నవంబర్ 24న ఫ్రెడీ పోయాడు. అందులో టేలర్ రాసిన ‘రేడియో గా గా’ ఉంది, 1984 నాటిది, రేడియో మీద ప్రేమతో రాసింది. ఈ మాట పవర్‌పేట మెకానిక్ చెవిన వేశాను. “అది మాత్రం ముందు నా బల్ల మీదే మోగాలండి. ఆదివారం రండి, పెద్ద స్పీకర్లు కడతాను” అన్నాడు. నాటకాల పెద్దాయన్ని కూడా తీసుకెళ్తున్నాను.