ఒక మాట, రెండు బహువచనాలు

మా పాప ఏడో తరగతి. మొన్న సైన్స్ హోంవర్క్ చేస్తూ, "అమ్మా, యాంటెన్నాకి ప్లూరల్ యాంటెన్నీనా, యాంటెన్నాసా?" అని అడిగింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇలాంటి ప్రశ్న రాగానే "మీ మేడమ్‌ని అడుగు" అని తప్పించుకోవాలనిపిస్తుంది. ఈసారి మాత్రం ఇద్దరం కలిసి డిక్షనరీ తీశాం.

పురుగుల తలమీద ఉండేవి యాంటెన్నీ. టీవీకి, రేడియోకి పెట్టేవి సాధారణంగా యాంటెన్నాస్. లార్వా, లార్వీ అయినట్టే మొదటిది లాటిన్ పద్ధతి. మన తెలుగులో ఈ తేడా లేదు. బొద్దింకవైనా, డాబా మీదవైనా యాంటెన్నాలే.

"మరి రెండెందుకమ్మా?" అంది. వెతికితే మంచి కథే దొరికింది. లాటిన్‌లో ఈ మాటకు అర్థం ఓడలో తెరచాప కట్టే అడ్డకర్ర. పురుగుల తలమీద ఉండేవాటికి అరిస్టాటిల్ గ్రీకులో 'కొమ్ము' నుంచి పుట్టిన ఒక మాట వాడాడు. ఆ మాటకే తెరచాప అడ్డకర్ర అనే అర్థం కూడా ఉంది. 15వ శతాబ్దంలో థియొడోర్ గాజా అనే పండితుడు ఆ గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదిస్తూ 'యాంటెన్నా' అని రాశాడు. ఇటాలియన్‌లో అదే మాటకు పొడవాటి కర్ర అని అర్థం. 1890లలో ఇటలీవాడైన మార్కోనీ ఎత్తయిన కర్రలకు తీగలు కట్టి వైర్‌లెస్ ప్రయోగాలు చేశాడు. అలా ఆ పేరు రేడియోకి వచ్చింది. తర్వాత వచ్చిన ఈ అర్థానికి ఇంగ్లీషు తన 'ఎస్' తగిలించింది.

'కొమ్ము' అనగానే నాకు మా పాత పాఠం గుర్తొచ్చింది. అందులో వీటి పేరు స్పర్శశృంగాలు. శృంగం అంటే కొమ్ము. తాకి తెలుసుకునే కొమ్ములన్నమాట. "పేరులోనే వాటి పని ఉంది కదమ్మా!" అంది పాప. బొద్దింక వాటితో వాసన కూడా పడుతుందని తన పుస్తకంలోంచి నాకు చెప్పింది.

మనలో చాలామందిమి తెలుగులో చదువుకున్నవాళ్లం. పిల్లల ఇంగ్లీషు పుస్తకాల ముందు కాస్త వెనకడుగు వేస్తాం. కానీ మనం నేర్చుకున్న మాటలు పాతబడిపోలేదు. ఈ నెల మీ పిల్లల పాఠంలో క్లోరోఫిల్ అనే మాట వస్తే పత్రహరితం అని చెప్పి చూడండి. ఆకు, ఆకుపచ్చ... ఆ మాట కూడా ఇవే అర్థాలున్న రెండు గ్రీకు ముక్కలతోనే పుట్టింది.