తిలోదకం

మిర్యాలగూడలో తెల్లవారుజామున బయలుదేరిన బస్సు సూర్యాపేట చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. అది 2024 జూన్ 15. డెబ్బై తొమ్మిదేళ్ల వృద్ధుడొకరు చేతికర్ర ఊతంగా మెట్లు దిగి, వెనుక వస్తున్న మనుమరాలి కోసం ఆగాడు. ఆమె చేతిలో బంతిపూల దండ ఉన్నది. ఆయన ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవాడు. ఆ బాలిక ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో అడుగుపెట్టింది. వారిద్దరూ పట్టణం నడుమ ఉన్న కూడలి వైపు నడిచారు. అక్కడ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం ఉంది.

ఆ పేరు తెలియని వారు ఆ జిల్లాలో లేరు. సూర్యాపేటలో పెరిగి, విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహించిన ఆ అధికారి 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో నేలకొరిగాడు. ఆ రాత్రి మనవైపు ఇరవైమంది ప్రాణాలు విడిచారు. తుపాకి పేలలేదు. రాళ్లతోను, కర్రలతోను, ఇనుపచువ్వలతోను ఆ పోరు జరిగింది. సూర్యాపేట సమీపంలోని కేసారంలో, కుటుంబానికి చెందిన పొలంలో ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. ప్రథమ వర్ధంతినాడు ఈ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర లభించింది.

దండ సమర్పించి ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. లారీలు, ఆటోలు, పాలక్యానుల మోటారుసైకిళ్లు విగ్రహాన్ని చుట్టి పోతున్నాయి. చుట్టిపోయే వారిలో తల పైకెత్తి చూసే వారు తక్కువ. అది తప్పు కాదు. ఊరి నడుమ నిలిచిన వీరుడు కొంతకాలానికి ఊరివాడై పోతాడు. ఇంటివారిని మనం రోజూ తేరిపార చూడము కదా!

“టర్కీల నువ్వు చూసినవి ఇంతకన్న పెద్దవా తాతా?” అని బాలిక అడిగింది.

అంతకు ముందటి సంవత్సరం జర్మనీలో ఉద్యోగం చేసే చిన్నకొడుకు తండ్రిని తన వద్దకు పిలిపించుకొని, అక్కడినుండి టర్కీ దేశానికి తీసుకువెళ్లాడు. ఇస్తాంబుల్‌లో మసీదులు, బజారులు చూపించాలన్నది కొడుకు ఉద్దేశం. తండ్రి మాత్రం చనక్కలె చూడాలన్నాడు. ముప్పైయేళ్లు పటంమీద కర్ర పెట్టి పిల్లలకు చూపించిన డార్డనెల్స్ జలసంధిని కన్నులారా చూడాలన్నది ఆయన కోరిక. చనక్కలె ఆ జలసంధికి ఆసియావైపు ఒడ్డున ఉన్న పట్టణం. తుర్కీ భాషలో ‘చనక్’ అంటే మట్టిపాత్ర, ‘కలె’ అంటే కోట. కుమ్మరిపనికి పేరుపొందిన ఊరు కనుక ఆ పేరు వచ్చింది. యుద్ధంతో ముడిపడిన ఊరికి కుండల పేరుండడం ఆయనకు ఎంతో నచ్చింది.

సముద్రపుటొడ్డున పెద్ద కొయ్యగుర్రం ఒకటి నిలబడి ఉన్నది. 2004లో వచ్చిన ‘ట్రాయ్’ చలనచిత్రం కోసం చేసిన గుర్రమది. ట్రాయ్ నగర శిథిలాలు అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఎదురుగా నీలిరంగు నీటికి ఆవల ఐరోపావైపు కొండలు. ఆ ఇరుకైన నీటిదారి కోసమే మొదటి ప్రపంచయుద్ధకాలంలో లక్షమందికి పైగా మరణించారు. 1915 మార్చి 18న బ్రిటిష్, ఫ్రెంచి యుద్ధనౌకలు ఈ దారిని బలవంతంగా దాటబోయి భంగపడ్డాయి. ఏప్రిల్ 25న అవతలి గల్లిపోలి ద్వీపకల్పంలో సైన్యాలు దిగాయి. 1916 జనవరి వరకు పోరాడి, ఏమీ సాధించకుండానే వెనుదిరిగాయి.

పడవమీద ఆవలి ఒడ్డుకు చేరి, ఆ తండ్రీకొడుకులు రోజంతా సమాధుల నడుమ తిరిగారు. నలభై మీటర్లకు మించిన ఎత్తుతో, నాలుగు స్తంభాలమీద నిలిచిన తుర్కీ అమరుల స్మారకం సముద్రంలో దూరాన పోయే నౌకలకు కూడ కనబడుతుంది. దారి పొడుగునా ఫలకాలమీద ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. ‘షెహిత్’. ఆ లిపిని కూడబలుక్కొని చదివిన ముసలాయన నివ్వెరపోయాడు. మన ఊళ్లలో ‘షహీదు’ అనే మాటే అది. ఎక్కడి నల్లగొండ, ఎక్కడి చనక్కలె!

అయితే ఆయన మనసు నిలిచిపోయిన చోటు అది కాదు. ద్వీపకల్పపు కొసన హెలెస్ అనేచోట మరొక స్తంభం ఉన్నది. దానిచుట్టూ గోడలమీద, సమాధి దొరకని ఇరవైవేలకు పైగా బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల పేర్లు చెక్కారు. వారిలో భారతీయులున్నారు. సిక్కులు, గూర్ఖాలు, పంజాబీలు, కంచరగాడిదలపై ఫిరంగులను, తిండిగింజలను మోసుకుపోయిన దళాలవారు. 1915 జూన్ 4న 14వ సిక్కు దళం ఒక్కరోజులోనే తన బలంలో అధికభాగాన్ని పోగొట్టుకొన్నది. దండెత్తి వచ్చినవారి పేర్లవి. దండయాత్రకు గురైన దేశం ఆ గోడను తన నేలమీద నిలవనిచ్చింది. తుర్కీ పిల్లలను బడులవారు బస్సుల్లో తెచ్చి తమ సమాధులతోపాటు పరాయివారి సమాధులనూ చూపిస్తున్నారు. ముసలాయన ఒక్కొక్క పేరుమీద వేలుపెట్టి చదువుతూ గంటసేపు ఉండిపోయాడు. పడవకు వేళ మించిపోతున్నదని కొడుకు తొందరపెట్టవలసి వచ్చింది.

“అండ్ల మన దిక్కోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“ఆ గోడమీద నాకు కానరాలె బిడ్డా. కాని తుర్కులతోని కొట్లాడినోళ్లల్ల మన హైదరాబాదు గుర్రపుదండు ఉన్నది.”

ఆయన చెప్పినది నిజం. నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు అదే యుద్ధంలో మొదట ఈజిప్టులో సూయెజ్ కాలువకు కాపలా కాశారు. తరువాత పాలస్తీనాలో జోధ్‌పూర్, మైసూరు అశ్వికులతో కలిసి తుర్కీ సైన్యాలపై పోరాడారు. ఢిల్లీలో 1922లో నెలకొల్పిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల యోధులవే. ఆ పేరు మన దారిమీద మరొకసారి వినబడింది. 1948 సెప్టెంబర్ 13న బెజవాడ వైపునుండి భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు, కోదాడ దారిలో దానిని ఎదిరించినవి హైదరాబాద్ లాన్సర్ల కవచ వాహనాలే. ఉదయం ఎనిమిదిన్నరకు సైన్యం కోదాడకు, మధ్యాహ్నానికి మునగాలకు వచ్చింది. 15వ తేదీకి గూర్ఖా సైనికులు సూర్యాపేటను పట్టుకొన్నారు. వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ వంతెనను పేల్చివేశాయి కాని సైన్యం ఆగలేదు. 17న నిజాం లొంగిపోయాడు.

ఈ సంగతులన్నీ ఆ ఉపాధ్యాయుడు ఏటేటా పాఠంగా చెప్పినవే. చెప్పనిది ఒకటి ఉన్నది. దానిని ఆయన కోదాడ బస్సులో, కిటికీ బయటకు చూస్తూ మనుమరాలితో చెప్పాడు.

ఆయన తల్లికి ఒక తమ్ముడుండేవాడు. మిర్యాలగూడ దగ్గరి పల్లెలో పుట్టి, నాలుగక్షరాలు ఉర్దూ నేర్చి, కోదాడ అవతల సరిహద్దున కరోడ్‌గిరి నాకాలో జవానుగా చేరాడు. సరుకులమీద నిజాం ప్రభుత్వం సుంకం వసూలు చేసే చోటది. జీతం కోసం చేరిన కొలువే తప్ప అతనికి నవాబుపై ప్రత్యేకమైన భక్తి ఏదీ లేదు. ఇక ఆయన తండ్రి సంగంలో పనిచేసినవాడు. దొరల వెట్టికి, పటేలు పట్వారీల దౌర్జన్యానికి ఎదురుతిరిగిన మనిషి. ఒకే ఇంట బావ ఒకవైపు, బావమరిది మరొకవైపు. ఆ సెప్టెంబరులో బావమరిది సెలవుమీద అక్క ఇంటికి వచ్చి, 12వ తేదీ రాత్రి హడావిడిగా నాకాకు బయలుదేరి వెళ్లాడు. మళ్లీ రాలేదు. శవం కూడ దొరకలేదు. అప్పటికి ఈ ముసలాయన మూడేళ్ల పసివాడు.

తొందరలో అతడు నడుంపట్టీ ఇత్తడి బిళ్లను అక్క ఇంటిలోనే మరచిపోయాడు. “బిళ్ల లేకుంట కొలువుల రానియ్యరు, దానికోసమన్న వస్తడు” అని ఆమె దానిని సందుగలో దాచింది. మూడు వారాలకు పెత్రమాస వచ్చింది. పితృదేవతలకు బియ్యమిచ్చే రోజది. తమ్ముడి పేరన కూడ ఇమ్మని పెద్దలు చెబితే ఆమె ససేమిరా అన్నది. ఇస్తే పోయినట్టు ఒప్పుకొన్నట్టే కదా! ఆ తరువాత ప్రతి పెత్రమాసకు బిళ్లను చింతపండుతో తోమి, తుడిచి, మళ్లీ సందుగలో పెట్టేది. 1987లో తాను కన్నుమూసేవరకు ఆ ఆచారం తప్పలేదు. భర్త ఎదుట మాత్రం తమ్ముడి పేరు ఎత్తేది కాదు. నిజాం కొలువు చేసినవాడి పేరు ఆ ఇంట నిషిద్ధం. ఊరి మొదట్లో పోరాటంలో నేలకొరిగిన వారి ఎర్రస్తూపం ఉన్నది; ఏటా ఎర్రజెండా ఎగురవేస్తారు. అది ఉండవలసినదే. ఆ స్తూపం వద్దకు ఉపాధ్యాయుడు ఎన్నోసార్లు పిల్లలను తీసుకువెళ్లాడు. మేనమామ సంగతి మాత్రం ఎన్నడూ వారికి చెప్పలేదు.

మహాభారతంలో స్త్రీపర్వం చదివినవారికి ఈ ఘట్టం కొత్తకాదు. యుద్ధం ముగిసిన పిదప ధర్మరాజు తనవారికే కాక, కౌరవపక్షాన మడిసినవారికి, నా అన్నవారు లేని అనాథప్రేతాలకు సైతం దహనసంస్కారాలు చేయించాడు. గంగ ఒడ్డున తిలోదకాలు ఇచ్చేవేళ కుంతి నోరు విప్పింది. కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్లు వదలండి అన్నది. శత్రువుగా చంపినవాడు తోడబుట్టినవాడని ధర్మరాజుకు తెలిసిన క్షణమది. ఆ దుఃఖంలో అతడు స్త్రీల కడుపులో రహస్యం దాగకుండుగాక అని శపించాడంటారు. ఆ శాపంలో న్యాయం లేదు; తనపై తనకు కలిగిన కోపం కాక అది మరేమిటి? కాని నీళ్లు మాత్రం వదిలాడు. పక్షం చూసి మానలేదు.

తాత, మనుమరాలు కోదాడలో దిగి, ఆటోలో పాత సరిహద్దు వైపు వెళ్లారు. నాకా ఆనవాళ్లేమీ మిగలలేదు. రహదారి పక్కన దాబా, పంక్చర్ల దుకాణం, వాటి వెనుక నాట్లకు సిద్ధమవుతున్న పొలం. చేతి సంచిలో దండనుండి రాలిన బంతిపూలు నాలుగు ఉంటే, బాలిక వాటిని గట్టుమీద పెట్టింది. దుకాణం కుర్రవాడు ఏమిటన్నట్టు చూశాడు. అటునుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది.

ఆ సంవత్సరం అక్టోబర్ 2న పెత్రమాస వచ్చింది. వాకిట్లో పంతులు కూర్చున్నాడు. ఎప్పుడూ రెండు విస్తళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టేవారు, తండ్రికొకటి, తల్లికొకటి. ఆనాడు మనుమరాలు ఎవరూ చెప్పకుండానే మూడవ విస్తరి వేసింది. తాత చూసి, వద్దనలేదు.

“ఇది ఎవరి పేరుమీద సారూ?” అని పంతులు అడిగాడు.

ముసలాయన కొంతసేపు మాట్లాడలేదు. ఒప్పుకోవడం తన వంతయింది. తల్లి ముప్పైతొమ్మిదేళ్లు నిలబెట్టిన ఆశను తన నోటితో తుంచవలసి వచ్చింది.

“మా మేనమామ” అని, ఆ ఇంట డెబ్బై ఆరేళ్లుగా పైకి వినబడని పేరు చెప్పాడు.

“పోయిన తిథి?”

“తెలువదు.”

“తెలువనోళ్లకే గద సారూ అమాస” అని పంతులు నువ్వులు, నీళ్లు ఆయన చేతిలో పోశాడు.

పంతులు వెళ్లిన తరువాత బాలిక సందుగ తెరిచి బిళ్లను బయటికి తీసింది. చాలా ఏళ్లుగా ఎవరూ ముట్టక నల్లబడి ఉన్నది. గిన్నెలో చింతపండు నానవేసి, పెరట్లో రాతిమీద కూర్చుని తోమసాగింది. ఉర్దూ అక్షరాలు ఒక్కొక్కటే పచ్చగా తేలి వస్తుంటే తాత అరుగుమీద కూర్చుని చూస్తున్నాడు.