ఉలి కిందికి, బ్యాటరీ పైకి

పనిముట్లతో విమానం ఎక్కేవాళ్లకు ఒక నియమం తలకిందులుగా కనిపిస్తుంది. ఉలి, సుత్తి, పానా, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ చేతిసంచిలో ఉండకూడదు. లగేజీలో వేసి కౌంటర్ దగ్గర అప్పగించాలి. డ్రిల్లింగ్ మెషిన్‌కూ అదే దారి. ఆ మెషిన్ విడి బ్యాటరీ మాత్రం కిందికి పోకూడదు, మనతోపాటు పైకి రావాలి. జగిత్యాల నుంచి దుబాయికి పోయే ఎలక్ట్రీషియన్‌కు ఒకే పెట్టెలో ఇమిడే సామాను ఇలా రెండు చోట్లకు చీలిపోతుంది. దీన్ని అధికారుల తిక్క కింద జమకట్టేయడం తేలికే. కానీ ఇక్కడున్నవి రెండు వేరు వేరు భయాలు. పైన మనిషి చెయ్యి చూసి భయం, కింద నిప్పును చూసి భయం. ఏ వస్తువు ఏ భయం కిందికి వస్తుందో తెలిస్తే సర్దుకోవడం చాలావరకు తేలికవుతుంది.

నిప్పు సంగతి ముందు చూద్దాం, అందులో వాదనకు తావు తక్కువ. లిథియం బ్యాటరీ ఒకసారి లోపల వేడెక్కడం మొదలైతే తన వేడిని తనే పెంచుకుంటూ పోతుంది. సామాన్ల అరలో మంటలార్పే వాయువు దాన్ని పూర్తిగా అణచలేదు, అక్కడికి చెయ్యీ చేరదు. క్యాబిన్‌లో అయితే పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. 2010 సెప్టెంబరులో దుబాయిలో కూలిన యూపీఎస్ సరుకు విమానంలో మంట లిథియం బ్యాటరీలున్న సరుకులోనే పుట్టిందని దర్యాప్తు తేల్చింది; ఇద్దరు పైలట్లూ చనిపోయారు. విడి బ్యాటరీకి 100 వాట్ అవర్ల లోపు అనుమతి అడగక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే లెక్క తెలుస్తుంది: 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 90, అదే 6 అయితే 108. కొనేటప్పుడే ఈ గుణకారం చేసుకుంటే మంచిది. కొసలకు టేపు అంటించడం మరవకూడదు.

చేతి భయం దగ్గరే అసలు తగవు. గాజు సీసా పగలగొడితే కత్తి కాదా, పెన్ను పొడవదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, కానీ అన్నిటినీ ఆపలేం కాబట్టి దేన్నీ ఆపొద్దనడం తర్కం కాదు. ఎంతవరకు ఆపాలన్నదే ప్రశ్న. 2001 దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులు గట్టిపడ్డాయి. ఆ ధైర్యంతోనే అమెరికా 2005 డిసెంబరులో 7 అంగుళాలకు మించని స్క్రూడ్రైవర్, పానా లాంటి పనిముట్లను క్యాబిన్‌లోకి రానిచ్చింది. సుత్తి, రంపం, డ్రిల్ మాత్రం ఎంత చిన్నవైనా కుదరదంది. తనిఖీదారుల శ్రమ పేలుడు పదార్థాల మీద పెట్టాలన్నది వాళ్ల ఆలోచన. మన దేశంలో ఇలాంటి కొలబద్ద పనిముట్లకు లేదు. కొలతతో అనుమతించడం మనకు కొత్తేమీ కాదు: దేశీయ విమానాల్లో సిక్కుల కిర్పాణ్‌కు 2022లో అలుగు 15.24, మొత్తం 22.86 సెంటీమీటర్లు మించకూడదని హద్దు పెట్టారు. కిర్పాణ్ రాజ్యాంగం గుర్తించిన మత హక్కు, పనిముట్టుకు ఆ రక్ష లేదు, పైగా దాన్ని కిందికి పంపే వీలుంది అనవచ్చు. ఆ తేడా నాకూ సమ్మతమే. నేను అడిగేది హక్కు కాదు, కొలత. చిన్న టెస్టర్ విషయంలో ఒక ఊళ్లో వదిలేసి ఇంకో ఊళ్లో చెత్తబుట్టలో వేయించే పరిస్థితికి అదే విరుగుడు. లగేజీ బెల్టు మీద వెళ్లిపోయాక కిందికి పంపే దారి ఎక్కడుంటుంది?

ఆ కొలత వచ్చేదాకా చేతికందే పనిముట్టు ఏదైనా కిందికే. ఉలి అంచుకు, రంపం పళ్లకు దళసరి తొడుగు వేయాలి. పెట్టె తెరిచే ఉద్యోగికి లోపల ఏముందో తెలియదు. ఇనుమంతా ఒకే ముద్దగా పేరిస్తే ఎక్స్‌రేలో నల్లటి దిమ్మలా పడుతుంది, పరిచి పెడితే దేని ఆకారం దానికి తెలుస్తుంది. ఇక బరువు. దేశీయ టికెట్ మీద మామూలుగా దొరికే 15 కిలోల్లో సుత్తి, పానాల సెట్టు పోగా బట్టలకు మిగిలేది కొంచెమే. అక్కడే కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు. సుత్తి సరే, దొరుకుతుంది. సొంతంగా పదును పట్టి, చేతికి అలవాటు చేసుకున్న ఉలి కోసమైతే బట్టలు తగ్గించుకోవడమే నయం.