పొద్దెక్కితే కల్లు

చలికాలం, ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సూరత్‌లోని లింబాయత్‌లో నైట్ షిఫ్టు ముగించుకున్న ముగ్గురు పవర్‌లూమ్ కార్మికులు, వారిలో ఒకరి కొడుకు నీరా బండి ముందు నిలబడ్డారు. తలా ఒక గ్లాసు అందుకున్నాక మొదలైంది అసలు పంచాయితీ.

"ఇది ఈతదే. మా దిక్కు తాటిదాని ముందట ఇదెంత?" అన్నాడు ముప్పయ్యేళ్ల కిందట కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన. నల్గొండ ఆయన ఒప్పుకోలేదు. ఈతకున్న కమ్మదనం తాటికి ఎక్కడిదన్నాడు. మూడో ఆయన పక్క బండి నుంచి ఇంకో గ్లాసు తెచ్చాడు. అది కాస్త పల్చన, అప్పుడే పులుపు తిరుగుతోంది. దాంతో వాదన ముదిరింది.

సహ్యాద్రికి అవతల నాసిక్‌లో అయితే ఇలాంటి వాదనలు తెల్ల వైన్ల మీద నడుస్తాయి. ద్రాక్షతోటల పక్కన టేస్టింగ్ గదుల్లో మిత్రబృందాలు షెనిన్ బ్లాంక్‌ను, సావిన్యో బ్లాంక్‌ను పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంటాయి. సూరత్‌లో అది కుదరదు. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధమే. దానికి మూలం 1949 నాటి బొంబాయి చట్టం. 2017 సవరణతో మద్యం తయారీ, అమ్మకం, రవాణాకు శిక్ష పదేళ్ల జైలు దాకా పెరిగింది. 2023 డిసెంబరులో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీకి కొంత సడలింపు దొరికింది కానీ అది మగ్గాల వాడకు అందేది కాదు.

నీరాకు మాత్రం అభ్యంతరం లేదు. నిజానికి నీరాకు, కల్లుకు మధ్య ఉన్నది కొన్ని గంటలే. రాత్రంతా చుక్కచుక్కగా కుండలోకి దిగే రసంలో చక్కెర ఉంటుంది. సహజంగా చేరే ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. కుండ లోపల పూసిన సున్నం, చలి ఆ పనిని ఆలస్యం చేస్తాయి. ఎండ తగిలిందా, నురగ, పులుపు, వెనకే మత్తు. అదే చెట్టు, అదే రసం. పొద్దు మారితే చట్టం మారుతుంది.

తెలంగాణలో సంగతి వేరు. హైదరాబాద్‌లో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రభుత్వమే నీరా కేఫ్ ప్రారంభించింది. మగ్గాన్ని నమ్ముకుని సూరత్, భివండి, షోలాపూర్ దారి పట్టిన పద్మశాలీ కుటుంబాలకు కల్లంటే ఉత్త మత్తు కాదు. ఊళ్లో పెళ్లికీ చావుకీ అదే. ఎల్లమ్మకు సాక పోయాలన్నా అదే.

అందుకేనేమో, పెద్దాయన ఒక సీసా నిండా నీరా కొని తువ్వాలులో చుట్టాడు. "పది దాకా ఎండల పెడితే మన కల్లయితది."

మిగతా ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. "పోలీసోళ్లు పట్టుకుంటే? పని పోతది, గది పోతది."

మాట తెగకముందే కొడుకు సీసా లాక్కుని మూత తీశాడు. ఇరవై ఏళ్ల ఆ కుర్రాడు పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. కల్లు రుచి ఎరగడు. సగం గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఇట్లనే మంచిగుంది గదా నాయినా, తియ్యగ" అన్నాడు.

తండ్రి ఏమీ అనలేదు. మిగిలిన సగం ఎండ రాకముందే తాగేశాడు.