పన్నెండింటికి రెబెక్కా

సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం తక్కువగా ఉండే టైమ్ ఏదని ఎవరైనా అడిగితే, మధ్యాహ్నం పన్నెండు అంటాను. నవ్వకండి. ప్రతి గంటకూ కాస్త ముందు అక్కడి జనమంతా గడియారం దగ్గరికి చేరతారు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎంత టైమైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు. ఆ కాసేపూ అక్కడ కాలు పెట్టే చోటుండదు, మిగతా గదుల్లో మనిషి కనపడడు.

శుక్రవారం సెలవు, ఆదివారం జాతర. అందుకని ఒక బుధవారం అమ్మని తీసుకెళ్లాను.

అమ్మ అంతకుముందు ఒక్కసారే వచ్చింది. ముప్ఫై ఏళ్ల కింద, నల్లగొండ నుంచి బస్సులో, మా నలుగురు పిల్లలతో, చద్ది సంచితో. నాకు ఆ రోజు కత్తులు గుర్తున్నాయి, ఏనుగు దంతం కుర్చీలు గుర్తున్నాయి. అమ్మనడిగితే రెండే ముక్కలు చెప్పింది. "మిమ్ముల చూసిన."

జనం లేకుండా మ్యూజియం చూడాలి అనే మాటలో కొంచెం పట్నపు పొగరు ఉంటుంది. జనం అంటే అడ్డొచ్చే ఎవరో పరాయివాళ్లని. కానీ సాలార్‌జంగ్‌కి వచ్చేది మా అమ్మలాంటి వాళ్లే. ఊళ్ల నుంచి బస్సులు మాట్లాడుకుని, చార్మినార్‌తో కలిపి ఒక్కరోజులో చూసిపోయేవాళ్లు. వాళ్లలో ఆడవాళ్లని గమనించండి. కళ్లు బొమ్మల మీద ఉండవు. ఒకటి, రెండు, మూడు అని తలలు లెక్కపెడుతూ ఉంటాయి. అమ్మకి జనం అంటే మేమే.

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా అందరూ గడియారం వైపు నడుస్తుంటే మేమిద్దరం రెబెక్కా ముందు నిలబడ్డాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్నాడు. బైబిల్ కథలో రెబెక్కా, చేసుకోబోయే ఇస్సాకు ఎదురొస్తున్నాడని తెలిసి ముసుగు వేసుకుంటుంది. మొహమూ రాయే, మొహం మీద పల్చటి బట్టా రాయే. ఆ బట్టలోంచి ముక్కు, పెదాలు కనపడుతుంటాయి.

అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"అప్పుడు గూడ ఇది ఈడనే ఉండెనా?"

"ఉండెనమ్మా."

"మరి నేను చూడలే."

అందులో బాధేం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. చెప్పులు నొక్కుతున్నాయని విప్పి, ఒట్టి కాళ్లతో మళ్లీ నిలబడింది. నేను ఫోన్ తియ్యలేదు. పక్క గదిలోకి వెళ్లి, పిలిచేదాకా రాకూడదనుకున్నాను. పావుగంటకి పైనే పట్టింది.

ఒంటిగంటకి ముందు, గడియారం కూడా చూద్దామంది. జనం ఉంటారన్నాను. "ఉంటే ఉండనీ" అంది. వెళ్లేసరికి అందరి తలలూ పైకే ఉన్నాయి. మా ముందు ఒకామె చంకలో పాపతో, చేత్తో మూడేళ్ల పిల్లాడి రెక్క పట్టుకుని ఉంది. వాడు గుంజుతున్నాడు, ఆమె వంగి వాణ్ణి చూస్తోంది. బొమ్మ బయటికొచ్చే వేళయింది.

అమ్మ ముందుకెళ్లి పిల్లాడి చెయ్యి అందుకుంది.

"నేను పట్టుకుంట బిడ్డా. నువ్వు చూడు."